చిత్రకారుడు దామెర్ల రామారావు

(1897–1925)

మన యాంధ్రదేశమున కవులకు కొదువ లేదు. గాయకులకును కొదువ లేదు. ఏ గ్రామమున కేగినను నలుగురు కవుల పేర్లు చెప్పగలవారు కనబడుదురు. కాని తెలుగు చిత్రకారు నొక్కని పేరు చెప్పుమనినచో చదువుకొన్నవారు సైతము కొంత తడబడుదురు. కన్నులకు విందు చేయు కళకు మన మిచ్చిన మన్నన చెవులకు విందు చేయు కళల కిచ్చిన దానికంటె తక్కువ. ఈ లోపమును తన స్వల్పజీవితమునందే తీర్ప బూని, ఇరువదియెనిమిదవ యేడు నిండకముందే లోకమును విడిచిన యొక యువకుని చరిత్రము మన విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది. ఆయనయే రాజమహేంద్రవర నివాసియగు దామెర్ల రామారావు.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఆ పట్టణ మప్పటికే తెలుగు విద్యలకు, సంఘసంస్కారమునకు పుట్టినిల్లు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి యుద్యమములకు రంగస్థలమై యుండెను. 1900వ సంవత్సరమున గోదావరిపై రైలు వంతెన తెరవబడెను. రామారావునకు పదియేండ్లు వచ్చునప్పటికి, అనగా 1907లో, బిపినచంద్రపాలు వచ్చి చేసిన యుపన్యాసములతో ఆ యూరి విద్యార్థిలోక మంతయు కదలిపోయెను. తమ దేశము, తమ భాష, తమ కళ అను మాటలు క్రొత్త యర్థముతో వినబడుచుండిన కాలమది. ఆ గాలి పీల్చి పెరిగిన బాలుడు రామారావు.

కాని యాతని మొదటి గురువు గోదావరి యని చెప్పినను తప్పు లేదు. పాపికొండల నడుమ ఇరుకున బడి, తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చిన యా మహానది రాజమహేంద్రవరము చెంత ఒక్కసారిగా విశాలమై శాంతించును. దిగువను ధవళేశ్వరమున 1852లో కాటన్ దొర ముగించిన యానకట్ట యుండుటచే నీరు నిలిచి పట్టణము ముందు సరోవరము వలె కనబడును. తొలకరి తరువాత వరద వచ్చినపుడు నీరెల్లను ఎఱ్ఱమట్టి రంగు దాల్చును. దసరా గడచునప్పటికి తేరుకొని నీలమగును. వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడి, లంకలు పచ్చగా, తిన్నెలు తెల్లగా, నడుమ సన్నని పాయలు వెండితీగలవలె మెఱయుచుండును. తెరచాప లెత్తిన పడవలు, రేవులందు బిందెలతో దిగు స్త్రీలు, సాయంకాలమున ఆవలి యొడ్డున క్రుంకు సూర్యుడు – ఇవి యెల్ల ఆ యూరివారు దినదినమును చూచునవే. చూచిన వారందఱును చిత్రకారులు కారు. ఒక్కడు మాత్రము ప్రతిదినము చూచుచున్న దానినే మొదటిసారి చూచినట్లు చూడగలుగును. అట్టి చూపు రామారావునకు బాల్యమునుండియు గలదు.

ఆ చూపును గుర్తించినవాడు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు. ఆయన 1909లో రాజమహేంద్రవరము గవర్నమెంటు కళాశాలకు ప్రధానాచార్యుడుగా వచ్చెను. సాహిత్యమునందు ఎంత యభిమానమో చిత్రలేఖనమునందును ఆయనకంత యభిమానము. తాను స్వయముగ కుంచె పట్టి ప్రకృతి దృశ్యములను వ్రాయుచుండెను. అధికారియై యుండియు విద్యార్థులకు దూరముగ నుండక, ప్రతిభ గలవారిని దరికి జేర్చి, వారితో కలసి ఏటి యొడ్డులను, గ్రామములను తిరుగుచుండెను. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు, దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నము మొదలగు యువకు లాయన యభిమానమునకు పాత్రులైరి. వీరిలో కొందఱు కవులైరి, కొందఱు చిత్రకారులైరి, బాపిరాజు రెండును అయ్యెను. ఒక యుపాధ్యాయుని ప్రోత్సాహ మొక తరమున కెంత మేలు చేయునో దీనివలన తెలియుచున్నది. కూల్డ్రే తన శిష్యులకు పాశ్చాత్య పద్ధతులను చూపుటయే గాక, వారి దృష్టిని అజంతా గుహాచిత్రముల వైపు మరల్చెను. తమ దేశముననే యంతటి చిత్రసంపద యున్నదని పరదేశీయు డొకడు చెప్పవలసి వచ్చుట మనకు కొంచెము సిగ్గే యైనను, చెప్పినవానికి మనము కృతజ్ఞులము. ఆయన తరువాత స్వదేశమునకు మరలి, 1924లో తన దక్షిణ హిందూదేశ జ్ఞాపకములను గ్రంథరూపమున ప్రకటించెను.

ఆ దినములలో మన యిండ్లలో చిత్రము లనగా నెట్టివో కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. రవివర్మ వ్రాసిన దేవతామూర్తుల అచ్చుపటములు గోడలపై వ్రేలాడుచుండెను. రవివర్మ 1906లో మరణించినను ఆయన పటములకు గిరాకి తగ్గలేదు. పాఠశాలలందు చిత్రలేఖన మనగా పలకపై ఘనములను, కూజాలను నకలు వ్రాయుటయే. అయినవారి బిడ్డ చిత్రకారు డగుదు ననినచో తలిదండ్రులు భయపడుచుండిరి. ఉద్యోగము వచ్చునది ప్లీడరీకి, గుమాస్తాతనమునకు చదివిన వారికే గాని కుంచె పట్టినవారికి గాదు. ఇట్టి స్థితిలో రామారావు ఆ విద్యనే నమ్ముకొని బొంబాయికి ప్రయాణ మగుట సాహసమే.

బొంబాయియందలి జె. జె. కళాశాల 1857లో స్థాపింపబడినది. అప్పుడు దానికి సెసిల్ బర్న్స్ దొర ప్రధానాధికారి. రామారావు 1916లో అచ్చటికేగి తాను వ్రాసిన చిత్రములను చూపగా, వానిని జూచి యచ్చెరువొందిన అధికారి క్రింది తరగతులతో పనిలేదని యాతనిని నేరుగ మూడవ సంవత్సరపు తరగతిలో చేర్చుకొనెనని చెప్పుదురు. అచ్చట నాతడు ప్రత్యక్షమున కూర్చుండిన మనుష్యుని చూచి వ్రాయుట, వెలుగునీడల విభాగము, తైలవర్ణములు కలుపుట, దూరపు వస్తువులు చిన్నవిగను దగ్గఱివి పెద్దవిగను గనబడు లెక్క మొదలగు పాశ్చాత్య విద్యయంతయు శ్రద్ధతో నేర్చెను. 1920లో ఆ శిక్షణను ప్రశస్తముగ ముగించెను.

ఇప్పుడాతని ముందు రెండు మార్గములుండెను. ఒకటి ధనమార్గము. ఆ కాలమున సంస్థానాధీశులకును ధనికులకును తమ రూపములను తైలవర్ణములతో వ్రాయించుకొనుట వేడుక. చేయి తిరిగిన చిత్రకారునకు బొంబాయిలోను, పడమటి సంస్థానములలోను పనికి కొదువ లేదు. రామారావు కాఠియవాడ ప్రాంతముల తిరిగి అచ్చటి జనులను, సంతలను, పాలమ్ము స్త్రీలను చిత్రించినవాడే. అచ్చటనే నిలిచి యుండినచో సుఖముగ బ్రతికెడివాడు. రెండవ మార్గము రాజమహేంద్రవరపు మార్గము. అచ్చట చిత్రశాల లేదు. కొనువారు లేరు. నేర్పువారు లేరు. నేర్చుకొను కోరికగల కొందఱు కుఱ్ఱవాండ్రు మాత్ర ముండిరి. రామారావు రెండవ దానినే వరించి తన యూరికి వచ్చెను. ఆతని జీవితమునందలి పెద్ద నిర్ణయ మిదియే. తక్కిన దంతయు దీని ఫలమే.

ఆతడు కలకత్తాకును, శాంతినికేతనమునకును గూడ పోయెను. అచ్చట అవనీంద్రనాథ ఠాకూరు, ఆయన శిష్యులు ఒక క్రొత్త పద్ధతిని నెలకొల్పియుండిరి. పొగమంచువలె మెత్తని రంగులు, సన్నని రేఖలు, పురాణ కథలు – ఇవి వారి లక్షణములు. మన దేశమున పలువురు యువకు లా పద్ధతినే యనుకరించిరి. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ యా విద్యనే నేర్పెను. రామారావు వంగదేశీయులను గౌరవించెను గాని వారిని నకలు వ్రాయలేదు. బొంబాయి యిచ్చిన గట్టి యాకారజ్ఞానమును విడువలేదు, అజంతా చూపిన రేఖాసౌందర్యమును మఱువలేదు. ఈ రెంటిని కలిపి, తెలుగుదేశపు ముఖమునకు, తెలుగుదేశపు మన్నునకు సరిపోవు నొక రీతిని వెదకెను. ఇతరులనుండి నేర్చుట వేఱు, ఇతరుల వలె మాఱిపోవుట వేఱు. ఈ భేద మాతడు చిన్ననాటనే యెఱిగెను.

ఆతని ప్రకృతిచిత్రములను గూర్చి కొంచెము వివరముగ చెప్పవలయును. మన పూర్వ చిత్రములందు చెట్లును, కొండలును, నదులును కథకు పరివారములు మాత్రమే. రాముడు నడుచుచుండినచో అడవి యుండును, కృష్ణుడాడుచుండినచో యమున యుండును. ఏ దేవుడును, ఏ రాజును లేక, నదినే నదిగా, కొండనే కొండగా చూపి యది చాలునని చెప్పుట మనకు క్రొత్త. రామారావు గోదావరి తీరములను, తూర్పుకనుమలను, గ్రామములను, చెఱువులను చాల భాగము జలవర్ణములతో వ్రాసెను. జలవర్ణము నేర్పరికే లొంగును. తైలవర్ణమున తప్పు వ్రాసినచో ఆరిన పిమ్మట దానిపై మఱల వ్రాయవచ్చును. జలవర్ణమున ఆ వీలు స్వల్పము. తడి కాగితముపై రంగు తానే ప్రాకును. దానిని ఎచ్చట ప్రాకనీయవలెనో, ఎచ్చట ఆపవలెనో క్షణములో నిర్ణయింపవలయును. తెలుపు కావలసినచోట రంగు వేయక కాగితమునే విడిచిపెట్టవలయును. అనగా చిత్రకారు డేమి వ్రాయునో దానితో సమముగ, ఏమి వ్రాయక విడుచునో అదియు ముఖ్యము. గోదావరిపై ప్రొద్దుటి మంచును, నీటిలో మేఘచ్ఛాయను, దూరపు కొండల నీలిమను పట్టుటకు దీనికంటె తగిన సాధనము లేదు.

ఇట్టి ప్రయత్నము లోకమున నితరచోట్లను జరిగినది. ఉత్తరమున ఫిన్లాండు అను చిన్నదేశము 1917 వరకును రష్యా చక్రవర్తి పాలనలో నుండెను. ఆ దేశపు చిత్రకారులు ఏరో యార్నెఫెల్ట్, పెక్కా హాలొనెన్ మొదలగువారు పరదేశములందు విద్య నేర్చి, మరలి తమ పల్లెలకు వచ్చి, తమ సరస్సులను, మంచు కప్పిన యడవులను, పొలములందు శ్రమించు జనులను చిత్రించిరి. తమకంటూ రాజ్యము లేని కాలమున, తమకంటూ ఒక దేశమున్నదని ఫిన్లాండు ప్రజలు ఆ చిత్రములయందు చూచుకొనిరి. యార్నెఫెల్ట్‌నకు కోలి కొండ యెట్టిదో, హాలొనెన్‌నకు తూసుల సరస్సు తీర మెట్టిదో, రామారావునకు గోదావరి గట్టు అట్టిది. ఒకరి నొక రెఱుగరు. అయినను ఒక్కటే పని చేసిరి. తన యూరి నీటిని, తన యూరి వెలుగును నమ్మి చిత్రించినవాడు లోకమున కంతటికి దగ్గఱవాడగు ననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

రామారావు మనుష్యులను చిత్రించుటయందును సమర్థుడే. “పుష్పాలంకారము”, “సిద్ధార్థ రాగోదయము”, “కృష్ణలీల”, “నందిపూజ”, “కార్తిక పౌర్ణమి” మొదలగునవి యాతని ప్రసిద్ధచిత్రములు. వీనియందలి స్త్రీలు నాటకపు వేషములు దాల్చిన దేవతలవలె నుండరు. వారి నిలుకడ, వారి కొప్పు, వారు చేయి త్రిప్పు రీతి మన యిండ్లలో చూచునదియే. అజంతా రేఖయు, గోదావరి రేవున నీరు తెచ్చు స్త్రీ నడకయు అచ్చట ఒక్కటైనవి.

1922లో కలకత్తాయందు జరిగిన చిత్రప్రదర్శనమునకు రామారావు “ఋష్యశృంగ బంధనము” అను చిత్రమును పంపెను. ఆ కథ మన విద్యార్థులకు తెలిసినదే. అంగదేశమున వానలు లేక కాటక మేర్పడెను. అడవిలో తండ్రియొద్ద పెరిగి, స్త్రీ యన నెట్టిదో యెఱుగని ఋష్యశృంగుడు పాదము మోపినగాని వాన కురియదని పెద్దలు చెప్పగా, రాజు రోమపాదుడు వేశ్యలను పంపి యాతనిని రప్పించెను. ఆతడు వచ్చినంతనే వర్షము కురిసెను. అడవికిని పురమునకును, తపస్సునకును వానకును ముడివేసిన యీ కథ ప్రకృతిని ప్రేమించిన చిత్రకారునకు నచ్చుట వింత కాదు. ఆ చిత్రమునకు రాజప్రతినిధి బహుమానము లభించెను. అప్పటి రాజప్రతినిధి రీడింగు ప్రభువు. ఒక్కమారుగా తెలుగు చిత్రకారుని పేరు దేశమంతట వినబడెను. 1924లో లండను చెంత వెంబ్లీయందు జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమునకును ఆతని చిత్రములు పోయెను.

ఈ కీర్తి వచ్చిన పిమ్మటనైన నాతడు పెద్దనగరములకు పోలేదు. 1923లో రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల నొకదానిని నెలకొల్పెను. పెద్ద భవనము లేదు, ప్రభుత్వధనము లేదు. మిత్రుడు వరదా వెంకటరత్నము తోడుండెను. నేర్చుకొన వచ్చినవారికి రామారావు తాను బొంబాయిలో నేర్చినదంతయు దాచక చెప్పెను. విద్య దాచుకొన్నచో తఱుగును, పంచినచో పెరుగును అను మాటకు ఆతడు చక్కని యుదాహరణము.

ఆతని గృహమునందు జరిగిన యొక సంగతి విశేషముగ పేర్కొనదగినది. ఆతని భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రలేఖన మభ్యసించిరి. ఆ కాలమున స్త్రీలు అక్షరాభ్యాసము చేయుటయే అరుదు. కుంచె పట్టి చిత్రకారిణులగుట ఇంకను అరుదు. ఆ యింట మాత్రము స్త్రీలు చిత్రమునకు నమూనాలుగా కూర్చుండుటయే గాక తామే చిత్రములు వ్రాసిరి. వారి చిత్రములును నేటికి రాజమహేంద్రవరపు చిత్రశాలలో నున్నవి. బాలికలకు చదువు చెప్పించు తలిదండ్రులు దీనిని గమనింతురు గాక.

ఇట్లు పని పెరుగుచుండగా, చేయి పక్వమగుచుండగా, విధి వేఱొకటి తలచెను. 1925 ఫిబ్రవరిలో రామారావునకు మశూచికము సోకెను. ఆ నెల 6వ తేదీన ఆతడు మరణించెను. ఇంకొక నెల జీవించినచో ఇరువదియెనిమిదేండ్లు నిండెడివి. బొంబాయి విద్య ముగించి అయిదేండ్లు మాత్రమే గడచెను. పాఠశాల పెట్టి రెండేండ్లు మాత్రమే గడచెను.

మశూచికమును గూర్చి ఒక్క మాట చెప్పుట యీ సందర్భమున అప్రస్తుతము కాదు. జెన్నరు అను వైద్యుడు 1796లోనే దానికి టీకాను కనుగొనెను. అయినను ఆ తరువాత నూఱేండ్లకు పైగా మన దేశమున లక్షలకొలది జను లా వ్యాధికి బలియైరి. టీకా గ్రామగ్రామమునకు చేరుటకు, చేరినను జనులు నమ్ముటకు, చాలకాలము పట్టెను. మన దేశమునకు సహజమైన కడపటి మశూచి 1975లో వచ్చెను. 1980లో లోకమునుండియే అది తొలగినట్లు ప్రకటించిరి. నేటి బాలురకు దాని మచ్చలు ఎట్లుండునో తెలియదు. ఆ వ్యాధి యెందఱు కవులను, చిత్రకారులను, శాస్త్రజ్ఞులను వారు వికసింపకముందే తీసికొనిపోయెనో లెక్కింప శక్యము కాదు. రామారావు పేరు తెలిసినది గనుక దుఃఖింతుము. పేరు తెలియనివారు ఎందఱో.

చిత్రకారుడు మరణించినంత మాత్రమున చిత్రములు నిలుచునను నమ్మకము లేదు. కాగితము చెదలు తినును. తడికి రంగు వెలయును. ఇంటివారు చెదరిపోయినచో చిత్రములును చెదరిపోవును. రామారావు చిత్రములు నేడు మన కున్నవనిన, అది యాతని మిత్రులయు, గృహజనులయు పుణ్యమే. వరదా వెంకటరత్నము మిత్రుని పాఠశాలను మూయనీయలేదు. తాను చిత్రకారుడై యుండియు తన కీర్తికంటె మిత్రుని కీర్తినే ముఖ్యముగ నెంచి, చిత్రములను కాపాడి, పాఠశాలను సాగించి, రామారావు పేర చిత్రశాల యేర్పడునట్లు పాటుపడెను. రాజమహేంద్రవరమున గోదావరి గట్టుకు దగ్గఱనే యున్న ఆ దామెర్ల రామారావు చిత్రశాలయందు తైలవర్ణ, జలవర్ణ చిత్రములును, పెన్సిలుతో వ్రాసిన రేఖాచిత్రములును కలవు. ఆ యూరి కేగినవారు గోదావరి స్నానము చేసి వచ్చుటయే గాక, ఆ చిత్రశాలనుగూడ దర్శించి రావలయును. బయటి నదియు, లోపలి నదియు రెండును చూచినవారికే యాత్ర పూర్ణమగును.

మన శ్రీకాకుళ, విజయనగర సీమల విద్యార్థులకు రామారావు చరిత్రము చెప్పునదేమి? ప్రకృతి మనకును తక్కువ చేయలేదు. మన యూరి నడుమనే నాగావళి ప్రవహించుచున్నది. వంశధార కళింగపట్టణము చెంత సముద్రమున కలియుచున్నది. ఉత్తరమున మహేంద్రగిరి మేఘములను మోయుచున్నది. తేలినీలాపురమునకు దూరదేశములనుండి పక్షులు వచ్చి చింతచెట్లపై గూళ్లు కట్టుచున్నవి. బారువ తీరమున తెల్లవారుజామున తెప్పలు కడలిలోనికి పోవుచున్నవి. మన సీమ చిత్రకారులను కననిదియు కాదు. “చందమామ” ముఖచిత్రములచే తెలుగు పిల్లలందఱికి పరిచితుడైన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళముననే జన్మించి, 1992లో దివంగతుడయ్యెను. విజయనగరమున అంట్యాకుల పైడిరాజు పలువురకు చిత్రకళ నేర్పెను. మార్గ మున్నది. నడుచువారే కావలయును.

చిత్రలేఖన మందఱికిని రాకపోవచ్చును. చూచుట యందఱును నేర్వవచ్చును. బడికి వచ్చు త్రోవలో చెఱువు నీటి రంగు ప్రొద్దుట నెట్లుండెను, సాయంకాల మెట్లుండెను అని గమనించుటకు డబ్బు అక్కఱలేదు. పెన్సిలుముక్కయు, చిత్తుకాగితమును చాలును. తలిదండ్రులకును ఒక విన్నపము. పిల్లవాడు పుస్తకపు అంచున బొమ్మ గీసినచో వెంటనే కోపింపక, ఆ గీతలో నేమున్నదో ఒక్క నిమిషము చూచునది. ఉపాధ్యాయులకు కూల్డ్రే యుదాహరణము చాలును. ఆయన తన విద్యార్థికి ధనరాసు లీయలేదు. వానియందేమి కలదో గుర్తించి, అది మంచిదని వానికి చెప్పెను. ఆ గుర్తింపు రామారావునకు పెట్టుబడి యయ్యెను.

ఇరువదియెనిమిదేండ్లు నిండని జీవితము చిన్నదే. కాని జీవితమును ఏండ్లతో కొలుచుట యొక కొలత, పనితో కొలుచుట వేఱొక కొలత. సంపన్నుల రూపములు వ్రాయుచు బొంబాయిలో నిలిచి, ముసలితనమువఱకు బ్రతికినచో రామారావు పేరు నేడు మన మెఱుగక పోయియుందుము. తన యూరికి వచ్చి, తన నదిని చూచి, తనకు తెలిసినది పదిమందికి నేర్పి పోయెను. గోదావరి నేటికిని ఆషాఢమున ఎఱ్ఱబడుచున్నది, ఆశ్వయుజమున తేరుకొనుచున్నది. దాని నట్లు చూడవలెనని మనకు నేర్పినవాడు మాత్రము 1925లోనే వెడలిపోయెను. ఆతడు నేర్పిన చూపును నిలుపుకొనుటయే మన మాతనికి చెల్లింపదగిన ఋణము.